ఒకే రిజిస్టరు – ఇద్దరు గుమాస్తాలు
కంప్యూటరు ప్రోగ్రాముల వలస చరిత్ర, దానితోపాటు ఒక పాత మెమో సంగతి



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, మన శాఖ పుట్టుపూర్వోత్తరాలో, పే రివిజన్ల చరిత్రో రాద్దామనుకున్నాను. అవి నాకన్నా బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత మనలో ఎవరూ రాయని విషయం ఒకటి ఎంచుకున్నాను. ఒక రకం కంప్యూటరు మీద చక్కగా నడిచే ప్రోగ్రాం మరొక రకం కంప్యూటరు మీదకు మార్చగానే ఎందుకు తడబడుతుంది, దాన్ని సరిచేయడం మనుషులు ఎలా నేర్చుకున్నారు అన్నదే ఆ విషయం.

1973లో గుమాస్తాగా చేరి 2008లో రిటైరైనవాడికి ఈ గొడవ ఎందుకని మీరు అనుకోవచ్చు. చివరిదాకా చదివితే ఇది మన ఆఫీసుల గొడవేనని మీకే తెలుస్తుంది. మన పిల్లల్లో, మనవల్లో సగంమంది చేస్తున్న ఉద్యోగం ఇదే కనుక, వాళ్ళు రాత్రిళ్ళు ఎందుకు మేలుకుంటున్నారో కూడా కొంత అర్థమవుతుంది.

అమ్మాయి చెప్పిన మాట

మా అమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తుంది. కొన్నేళ్ళ క్రితం సంక్రాంతికి వచ్చి, పండుగ మూడు రోజులూ ఒళ్ళో కంప్యూటరు పెట్టుకునే కూర్చుంది. సంగతేమిటమ్మా అంటే ఇలా చెప్పింది. విండోస్ అనే ఆపరేటింగ్ సిస్టం మీద చాలాకాలంగా నడుస్తున్న ఒక ప్రోగ్రాంను లినక్స్ అనే మరో సిస్టం మీదకు మార్చారట. మార్చిన తర్వాత రోజుకు ఒకసారో రెండుసార్లో లెక్క తప్పుతోందట. మళ్ళీ అదే పని చేయించి చూస్తే సరిగ్గానే వస్తోందట.

"అంటే పాతచోట తప్పు లేదు, కొత్తచోట వచ్చిందన్నమాట" అన్నాను.

"అలా కాదు నాన్నా. తప్పు అక్కడా ఉంది. అక్కడ బయటపడలేదు, అంతే" అంది.

ఆ మాట వినగానే నాకు 1979 మార్చి నెల గుర్తుకొచ్చింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

1979 మార్చిలో ఏం జరిగింది

ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. అప్పట్లో మేం ఇద్దరం గుమాస్తాలం కంటింజెంటు బిల్లులు రాసేవాళ్ళం. రెండోవారు నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. నేను అన్నగారూ అని పిలిచేవాణ్ణి. గ్రాంటు రిజిస్టరు ఒక్కటే ఉండేది. ఇద్దరం ఎదురెదురుగా ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం కనుక, ఒకరు రిజిస్టరులో నిల్వ చూసి బిల్లు రాస్తుంటే రెండోవారికి కనిపించేది. కార్యాలయ నిబంధనల్లో రాసి ఉన్నది మాత్రం ఇంతే: నిల్వ చూడవలెను, బిల్లు రాయవలెను, రిజిస్టరులో నమోదు చేయవలెను.

1978 డిసెంబరులో చోటు చాలక సగం ఆఫీసును రోడ్డుకు అవతలున్న అద్దె ఇంటికి మార్చారు. అన్నగారు అటు వెళ్ళారు, నేను ఇటు ఉండిపోయాను. నిబంధనలు ఒక్క అక్షరం మారలేదు. రిజిస్టరు మా వైపే ఉండిపోయింది కనుక, రోజూ ఉదయం నిల్వ ఎంతో చీటీ మీద రాసి అటెండరు చేత అవతలకు పంపేవాళ్ళం.

మార్చి ఆఖరి వారం రద్దీ మీకు తెలిసినదే. ఒకరోజు నిల్వ 4,200 రూపాయలు. నేను రిజిస్టరు చూసి 3,000 రూపాయల బిల్లు రాశాను. అన్నగారు ఉదయపు చీటీ చూసి 2,500 రూపాయల బిల్లు రాశారు. రెండూ పాసయ్యాయి. ఏప్రిల్‌లో లెక్కలు సరిచూస్తే గ్రాంటుకు మించి 1,300 రూపాయలు ఖర్చు తేలింది. నా బిల్లు అరగంట ముందు వెళ్ళింది కనుక నాది సక్రమం, ఆయనది అక్రమం అయింది. ఆయనకు చార్జి మెమో ఇచ్చారు. ఏడాది ఇంక్రిమెంటు నిలిపివేశారు. ఆ ఏడు ప్రమోషను జాబితాలో ఆయన పేరు లేకుండా పోయింది.

విచారణలో నన్నూ అడిగారు. "నేను రిజిస్టరులో నిల్వ చూసిన తర్వాతే బిల్లు రాశాను" అని రాసిచ్చాను. అది నిజమే. కానీ చీటీ పద్ధతే లోపభూయిష్టమని, ఆ చీటీ రాసి పంపినది నేనేనని, నా బిల్లు అరగంట ఆలస్యమై ఉంటే మెమో నాకు వచ్చేదని నేను రాయలేదు. కొత్తగా పెళ్ళయిన రోజులు, భయం. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ సంగతి అక్కడ ఆపి, ఇక అసలు చరిత్రకు వస్తాను.

రైల్వే టోకెను వంటి ఏర్పాటు

కంప్యూటరులో నడుస్తున్న ప్రోగ్రాంను ఒక ఆఫీసు అనుకోండి. దానికి సొంత గది, సొంత బీరువాలు ఉంటాయి. దీన్ని ప్రాసెస్ అంటారు. అదే గదిలో, అవే బీరువాలు వాడుకుంటూ ఒకేసారి పనిచేసే గుమాస్తాలను థ్రెడ్లు అంటారు. థ్రెడ్డు అంటే పోగు. ఒకే వస్త్రంలోని పోగులన్నమాట. ఎక్కువమంది గుమాస్తాలుంటే పని త్వరగా అవుతుంది. కానీ ఇద్దరు ఒకే రిజిస్టరు మీద ఒకేసారి పడితే, 1979లో మాకు జరిగినదే జరుగుతుంది. దీన్ని వాళ్ళు రేస్ కండిషన్ అంటారు. ఎవరు ముందు చేరుకున్నారన్న దాన్నిబట్టి ఫలితం మారిపోవడం అని అర్థం.

ఈ చిక్కును శాస్త్రంగా విడదీసినవారిలో ముఖ్యుడు నెదర్లాండ్స్ దేశస్థుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. ఐండోవన్ నగరంలోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1965లో ఆయన రాసిన పత్రంలో సెమఫోర్ అనే ఏర్పాటును వివరించారు. ఆ పేరు రైల్వే వారిది. పూర్వం స్టేషన్ల దగ్గర ఉండే రెక్కల సిగ్నలునే సెమఫోర్ అనేవారు. మనవాళ్ళకు సులభంగా తెలియాలంటే సింగిల్ లైను మీద రైలు డ్రైవరు పుచ్చుకునే టోకెనును గుర్తుచేసుకోవాలి. ఆ టోకెను చేతికొస్తే తప్ప రైలు ఆ సెక్షనులోకి వెళ్ళకూడదు. టోకెను ఒక్కటే కనుక ఎదురెదురుగా రెండు రైళ్ళు రావు. కంప్యూటరులోనూ అంతే. టోకెను పుచ్చుకున్న థ్రెడ్డే రిజిస్టరు ముట్టుకోవాలి, పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. దీన్నే ఇప్పుడు లాక్ అంటున్నారు.

ఆ మెమో గొడవ తర్వాత మా హెడ్ క్లర్కు గారు పెట్టిన నియమం కూడా ఇదే: "రిజిస్టరు చేతిలో ఉంటేనే బిల్లు రాయాలి." డైక్‌స్ట్రా పేరు ఆయన విని ఉండరు.

లాకు పెట్టగానే మరో చిక్కు వస్తుంది. కొన్ని బిల్లులకు గ్రాంటు రిజిస్టరూ కావాలి, స్టాకు రిజిస్టరూ కావాలి. స్టాకు రిజిస్టరు అద్దె ఇంట్లో ఉండేది. ఒక మధ్యాహ్నం నేను గ్రాంటు రిజిస్టరు పట్టుకుని స్టాకు రిజిస్టరు కోసం మనిషిని పంపాను. అవతలివారు స్టాకు రిజిస్టరు పట్టుకుని గ్రాంటు రిజిస్టరు కోసం మనిషిని పంపారు. మా పని అయ్యాక ఇస్తామని ఇద్దరం జవాబిచ్చుకున్నాం. ఆ పూట రెండు బిల్లులూ కాలేదు. డైక్‌స్ట్రా ఆ 1965 పత్రంలోనే ఈ స్థితికి ప్రాణాంతకమైన కౌగిలి అని పేరు పెట్టారు. ఇప్పుడు డెడ్‌లాక్ అంటారు. మందు సులభమే: ఎవరైనా సరే ముందు గ్రాంటు రిజిస్టరే తీసుకోవాలి, ఆ తర్వాతే స్టాకు రిజిస్టరు. ప్రోగ్రాములు రాసేవారు నేటికీ లాకులకు వరుస నిర్ణయించుకుని ఇదే పాటిస్తున్నారు.

ప్రాణాలు తీసిన వలస

యంత్రం మార్చినప్పుడు దాగి ఉన్న తప్పు ఎలా బయటపడుతుందో చెప్పడానికి లోకమంతా చెప్పుకునే ఉదాహరణ థెరాక్-25. ఇది కెనడాకు చెందిన ప్రభుత్వ రంగ అణుశక్తి సంస్థ తయారుచేసిన క్యాన్సరు చికిత్స యంత్రం. దీనికి ముందు వచ్చిన థెరాక్-20 యంత్రంలో, కిరణాల మోతాదు అదుపు తప్పితే విద్యుత్తును ఆపేసే పరికరాలు విడిగా ఉండేవి. కొత్త యంత్రంలో ఆ పరికరాలను తీసేసి భద్రత భారమంతా సాఫ్ట్‌వేరు మీద పెట్టారు. ఆ సాఫ్ట్‌వేరులో పాత యంత్రాల నుంచి తెచ్చుకున్న భాగాలున్నాయి.

1985 జూన్ నుంచి 1987 జనవరి వరకు అమెరికా, కెనడాలలో ఆరు ప్రమాదాలు జరిగాయి. రోగులకు వేయవలసిన దానికి ఎన్నో రెట్లు మోతాదు పడింది. కొందరు మరణించారు. 1986లో టెక్సాస్ రాష్ట్రంలో రెండు ప్రమాదాలు జరిగినప్పుడు తెర మీద "మాల్‌ఫంక్షన్ 54" అనే సందేశం మాత్రం వచ్చింది. మొదటి ప్రమాదం తర్వాత ఇంజనీర్లు వచ్చి చూశారు. ఎంత ప్రయత్నించినా తప్పు మళ్ళీ కనిపించలేదు. మోతాదు మించడం అసంభవమన్నారు.

రెండో ప్రమాదం తర్వాత అక్కడి ఆసుపత్రి భౌతిక శాస్త్రజ్ఞుడు, యంత్రం నడిపిన ఆపరేటరు కలిసి పట్టు విడవకుండా ప్రయత్నించి కారణం కనిపెట్టారు. ఆ ఆపరేటరుకు పని బాగా అలవాటు కావడంతో, టైపు చేసిన పొరపాటును చాలా వేగంగా దిద్దేవారు. యంత్రంలోని అయస్కాంతాలు సర్దుకోవడానికి 8 సెకన్లు పట్టేది. ఆ లోపల దిద్దుబాటు జరిగిపోతే, ప్రోగ్రాంలో ఒక భాగానికి మార్పు తెలిసేది, మరొక భాగానికి తెలిసేది కాదు. ఇద్దరు గుమాస్తాల చేతుల్లో రెండు చీటీలు. నిదానంగా టైపు చేసి పరీక్షించినవారికి తప్పు కనిపించకపోవడానికి కారణం అదే.

అసలు విశేషం తర్వాత తెలిసింది. అదే తప్పు పాత థెరాక్-20లోనూ ఉంది. అక్కడ మోతాదు అదుపు తప్పబోతే ఫ్యూజు పోయి యంత్రం ఆగిపోయేది, ఫ్యూజు మార్చుకుని పని సాగించేవారు. మా అమ్మాయి మాట మళ్ళీ గుర్తుకు తెచ్చుకోండి. తప్పు అక్కడా ఉంది, అక్కడ హాని చేయలేదు, అంతే. మా ఒకే బల్ల కూడా ఆ ఫ్యూజు వంటిదే. నిబంధనల పుస్తకంలో దాని ఊసు లేదు గనుక, ఇల్లు మారినప్పుడు దాన్ని వెంట తీసుకెళ్ళాలని ఎవరికీ తోచలేదు.

ఒక్కొక్క సిస్టంది ఒక్కొక్క ఆచారం

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రారంభించిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంను 1973లో సి భాషలోకి తిరగరాశారు. ఆ తర్వాతే ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి దాన్ని తీసుకుపోవడం సాధ్యమైంది. యూనిక్స్ సంప్రదాయంలో పని పెరిగితే మరో ఆఫీసు తెరిచేవారు. ఎవరి గది వారిది, ఎవరి బీరువా వారిది, మాటలన్నీ ఉత్తరాల ద్వారానే. దీనికి ఫోర్క్ అనే ఆదేశం వాడేవారు. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ మొదటి నుంచీ థ్రెడ్ల మీద ఆధారపడిన సిస్టం. అంటే ఒకే గదిలో పదిమంది గుమాస్తాలు. దాన్ని నిర్మించిన బృందానికి డేవ్ కట్లర్ నాయకుడు. యూనిక్స్ రకాలన్నిటికీ కలిపి థ్రెడ్ల నియమావళి 1995లో వచ్చింది. దాన్ని పోసిక్స్ థ్రెడ్లు అంటారు.

నియమాలు రెండు పుస్తకాల్లోనూ ఉన్నాయి, మాటలూ దాదాపు ఒకటే, అర్థాల్లోనే తేడా. వలసలో చిక్కంతా అక్కడే వచ్చింది. మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది తాళంచెవి. విండోస్‌లో ఒక థ్రెడ్డు తన దగ్గరే ఉన్న లాకును మళ్ళీ అడిగితే "నీ దగ్గరే ఉంది కదా, కానివ్వు" అంటుంది. లినక్స్‌లో మామూలు లాకు అలా అనదు. ఎవరి దగ్గర ఉన్నా సరే, తిరిగి వచ్చేదాకా ఆగమంటుంది. తాళంచెవి జేబులో పెట్టుకుని తాళంచెవి కోసం ఎదురుచూసే మనిషిలా ఆ థ్రెడ్డు అక్కడే నిలబడిపోతుంది. అలా పదే పదే తీసుకోవడానికి అనుమతించే లాకును విడిగా కోరుకోవాలి, లేదా అలా అడగనక్కర్లేకుండా ప్రోగ్రాంను తిరగరాయాలి.

రెండోది పిలుపు గంట. ఒక థ్రెడ్డు పని కోసం ఎదురుచూస్తుంటే మరో థ్రెడ్డు పిలవాలి. విండోస్‌లో దీనికి ఈవెంట్ అనే సాధనం ఉంది. అది ఆఫీసరు గది బయట వెలిగే ఎర్ర దీపం వంటిది. అటెండరు వచ్చి చూసేదాకా వెలుగుతూనే ఉంటుంది. పోసిక్స్‌లో వాడే కండిషన్ వేరియబుల్ అనేది మోగి ఆగిపోయే గంట. ఆ సమయానికి అటెండరు బయటికి వెళ్ళి ఉంటే ఆ పిలుపు పోయినట్టే. అందుచేత గంటను నమ్ముకోకూడదు. లాకు పుచ్చుకుని, పని ఉందో లేదో రిజిస్టరు చూసుకుని, లేకపోతేనే నిద్రపోవాలి. లేచిన తర్వాత కూడా మళ్ళీ రిజిస్టరు చూసుకోవాలి, ఎందుకంటే ఒక్కోసారి గంట మోగకుండానే మెలకువ రావచ్చు. విండోస్‌లో కండిషన్ వేరియబుల్ విస్టా దాకా లేదు. అంతవరకూ యూనిక్స్ ప్రోగ్రాములను అటు మార్చేవారు ఉన్న సాధనాలతోనే దాన్ని అనుకరించబోయి, పిలుపులు పోగొట్టుకుని ఎన్నో అవస్థలు పడ్డారు.

మూడోది రిలీవు చేయడం. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు లోకానికి పరిచయం చేసిన జావా భాషకు "ఒకసారి రాయండి, ఎక్కడైనా నడపండి" అన్నది నినాదం. కానీ తొలి రోజుల్లో, సొలారిస్ అనే యూనిక్స్ మీద జావా థ్రెడ్లలో ఒకటి పని పట్టుకుంటే తానుగా వదిలేదాకా సమాన హోదా ఉన్న మరొక దానికి అవకాశం వచ్చేది కాదు. విండోస్ మీద కాసేపు ఒకరికి, కాసేపు మరొకరికి వంతు వచ్చేది. ఒకచోట నడిచిన ప్రోగ్రాం మరోచోట బిగుసుకుపోయేది. హోదాల గొడవ ఒకటి. జావాలో 10 అంతస్తులు, విండోస్‌లో వాటికి దొరికేవి 7 మాత్రమే. ఇద్దరు వేర్వేరు గ్రేడుల వారు ఒకే గ్రేడులో పడేవారు. దీనితోపాటు థ్రెడ్డును బయటినుంచి బలవంతంగా ఆపే ఆదేశాలు జావాలో ఉండేవి. సస్పెండ్ చేస్తే ఆ థ్రెడ్డు తాళంచెవి జేబులో పెట్టుకునే సస్పెన్షనులో ఉండేది. స్టాప్ చేస్తే తాళంచెవి దొరికేది కానీ రిజిస్టరులో సగం పద్దు రాసి ఉండేది. చార్జి అప్పగించకుండా మనిషిని పంపేస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1998లో వచ్చిన జావా 1.2లో ఈ ఆదేశాలు వాడవద్దని ప్రకటించారు. ఆపదలచినప్పుడు ముందుగా తెలియజేయాలి, పట్టుకున్న పని ముగించి, తాళాలు అప్పగించి అదే వెళ్ళిపోవాలి అన్నది కొత్త పద్ధతి.

ఇల్లు బాగుచేస్తే అద్దెవారికి ఇబ్బంది

లినక్స్ చరిత్రలో ఒక ముచ్చట ఉంది. 1990ల మధ్యలో ఫ్రాన్సుకు చెందిన జేవియర్ లెరాయ్ లినక్స్ థ్రెడ్స్ అనే ఏర్పాటు రాశారు. అందులో ఒకే ప్రోగ్రాంలోని ఒక్కొక్క థ్రెడ్డుకు ఒక్కొక్క గుర్తింపు సంఖ్య ఉండేది. ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ములకు వేర్వేరు రేషను కార్డులున్నట్టు. పోసిక్స్ నియమం ప్రకారం ఇంటికి ఒకటే ఉండాలి. 2002లో రెడ్ హ్యాట్ సంస్థకు చెందిన ఉల్రిక్ డ్రెపర్, ఇంగో మోల్నార్ కొత్త ఏర్పాటు తయారుచేశారు. పరీక్షలో లక్ష థ్రెడ్లను ప్రారంభించడానికి 2 సెకన్లు పట్టింది. పాత పద్ధతిలో అదే పనికి సుమారు 15 నిమిషాలు పట్టేది. 2003 డిసెంబరులో వచ్చిన లినక్స్ 2.6తో అది స్థిరపడింది.

కానీ పాత అలవాటునే నమ్ముకుని రాసిన ప్రోగ్రాములు కొన్ని కొత్త ఏర్పాటులో తడబడ్డాయి. సిస్టం నియమం ప్రకారం సరైందే, ప్రోగ్రామే నియమాన్ని కాక అలవాటును నమ్ముకుంది. అందుకని పాత పద్ధతి కావాలన్నవారికి కొంతకాలం అది కూడా దొరికే వెసులుబాటు ఉంచారు. మార్పు తెచ్చేవారు పాతవారికి గడువివ్వడం అన్నది మంచి పరిపాలన లక్షణమని నా అభిప్రాయం.

అసలు ఈ గొడవే వద్దనుకున్నవారూ ఉన్నారు. పోస్ట్‌గ్రెస్ అనే ప్రసిద్ధమైన డేటాబేసు 2005 జనవరిలో వచ్చిన 8.0 రూపంతో విండోస్ మీద నేరుగా నడవడం మొదలైంది. విండోస్‌లో ఫోర్క్ లేదు. అయినా వారు థ్రెడ్లకు మారలేదు. ఒక్కొక్క వాడుకరికి ఒక్కొక్క కొత్త ప్రాసెస్ ప్రారంభించి, దానికి కావలసిన సమాచారమంతా విడిగా అందించే పద్ధతి పెట్టుకున్నారు. కొత్తగా బదిలీ మీద వచ్చినవారికి చార్జి లిస్టు ఇచ్చినట్టన్నమాట. కొంత నిదానమే, కానీ భద్రం.

ఆ తర్వాత తెలిసినదేమంటే, నియమాలు సిస్టం పుస్తకంలో మాత్రమే ఉంటే చాలదని. జావా వారు 2004లో తమ భాషలోని మెమరీ నియమాలను తిరగరాసుకున్నారు. 2005లో హాన్స్ బోమ్ అనే శాస్త్రజ్ఞుడు, థ్రెడ్ల సంగతి భాషకు తెలియకుండా పక్కన ఒక గ్రంథాలయంలా తగిలిస్తే సరిపోదని నిరూపిస్తూ పత్రం రాశారు. 2011లో సి, సి++ భాషల ప్రమాణాల్లోనే థ్రెడ్లకు చోటిచ్చారు. ఇది ఎంత అవసరమో యాపిల్ సంస్థ 2020 నవంబరులో తన కంప్యూటర్లను ఇంటెల్ నుంచి ఏఆర్‌ఎం రకం ప్రాసెసర్లకు మార్చడం మొదలుపెట్టినప్పుడు మళ్ళీ తెలిసింది. ఇంటెల్ మీద ఒకరు రాసిన పద్దులు రెండోవారికి రాసిన వరుసలోనే కనిపిస్తాయి. ఏఆర్‌ఎం మీద, ప్రత్యేకంగా కోరకపోతే, ఆ హామీ లేదు. "ఉత్తరం పంపబడినది" అన్న రిమార్కు ముందు కనిపించి, ఉత్తరం నకలు తర్వాత ఫైలులో చేరవచ్చు.

సరిచేసేవారి పద్ధతి

మా అమ్మాయి ఆ తప్పును పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఎక్కడెక్కడ ఏం జరుగుతోందో రాయించుకుందామని ప్రోగ్రాంలో అదనపు నమోదులు పెడితే, ఆ నమోదుకు పట్టే కాలం వల్లే తప్పు మాయమైపోయేదట. ఇన్‌స్పెక్షను రోజున ఆఫీసు సక్రమంగా నడిచినట్టు. చివరికి రెండు పనులు చేసింది. ఒకటి, కావాలనే అక్కడక్కడ ఆలస్యం చొప్పించి, తప్పు రోజుకు ఒకసారి కాక నిమిషానికి పదిసార్లు వచ్చేలా చేసింది. రెండు, గూగుల్ ఇంజనీర్లు తయారుచేసిన థ్రెడ్‌శానిటైజర్ అనే పరికరంతో వెతికింది. తాళం లేకుండా ఇద్దరు ఒకే పద్దును ముట్టుకుంటే అది పేర్లతో సహా చెబుతుంది. దొరికిన తప్పు చాలా చిన్నది. రెండు థ్రెడ్లు ఒక నిల్వను చదివి, కూడి, తిరిగి రాస్తున్నాయి. మధ్యలో తాళం లేదు.

"విండోస్ మీద ఇన్నేళ్ళూ ఎలా నడిచిందమ్మా?" అని అడిగాను.

"అదృష్టం నాన్నా. అక్కడ ఆ రెండూ ఎప్పుడూ ఒకే క్షణంలో తగుల్కోలేదు."

"మరి దీన్ని రాసినవాణ్ణి ఏం చేస్తారు?"

అది నవ్వింది. "ఏం చేస్తారు? ఏమీ చేయరు. ఎవరు రాశారని కాదు, ఎలా జరగనిచ్చామని రాసుకుంటాం. మళ్ళీ జరగకుండా ఏం మార్చామో రాసుకుంటాం. అక్కడితో అయిపోతుంది."

ఆ సంగతి ఇప్పుడైనా చెప్పాలి

అన్నగారు 2011లో స్వర్గస్థులయ్యారు. రిటైరయ్యేదాకా ఆ మెమో ఆయన సర్వీసు రిజిస్టరులో ఉంది. ఆయన ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం, ఆయన తొందరపాటు కూడా కొంత ఉండే ఉంటుందిలే అనుకోవడం అలవాటైపోయింది. అలా అనుకుంటే మనసుకు సుఖంగా ఉండేది.

మా అమ్మాయి తిరిగి హైదరాబాదు వెళ్ళిన వారానికి నేను వారింటికి వెళ్ళి వదినగారిని చూశాను. రెండు కాగితాల మీద రెండు బిల్లులూ, ఉదయపు చీటీ గీసి, అన్నగారి తప్పు ఇందులో రవ్వంత కూడా లేదని, ఆయన స్థానంలో నేనున్నా, నా స్థానంలో ఆయనున్నా జరిగేది అదేనని, ఆనాడు ఈ మాట చెప్పవలసినవాణ్ణి నేనేనని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆ కాగితాల వంక చూశారు.

"ఆయన ఆ సంగతి చెప్పినప్పుడు మీ పేరు ఎప్పుడూ ఎత్తలేదండీ" అన్నారు. తర్వాత కాసేపటికి, "నాకు చెప్పారు, సంతోషం. ఆ మెమో సంగతి తెలిసినవాళ్ళు మీలో ఇంకా ఉన్నారు కదా. వాళ్ళకు కూడా చెప్పండి" అన్నారు.

అందుకే ఈ వ్యాసం. ఆనాటి మన మిత్రులు ఇది చదువుతున్నారని నాకు తెలుసు. 1979 నాటి ఆ 1,300 రూపాయలు అన్నగారి అజాగ్రత్త వల్ల పోలేదు. ఒకే బల్ల ఉన్నప్పుడు సరిపోయిన పద్ధతిని రెండు ఇళ్ళకు అలాగే మోసుకుపోవడం వల్ల జరిగింది. ఆ సంగతి ఆనాడే తెలిసి కూడా రాసివ్వనివాడు ఈ వ్యాసకర్త. ఈ మాట అచ్చులో ఉండాలని నా కోరిక.

చదువుతున్న పిల్లలకు ఒక్క మనవి. మీ ఆఫీసులో ఏదైనా తప్పు జరిగినప్పుడు "ఎవరు?" అన్న ప్రశ్నకు ముందు "ఎలా?" అన్న ప్రశ్న వేసుకునే అలవాటు మీకు ఉన్నట్టు విన్నాను. మాకు ఆ అలవాటు లేదు. దాన్ని పోగొట్టుకోకండి.

సంచిక అచ్చయి రాగానే ఒక ప్రతి వదినగారికి నేనే స్వయంగా తీసుకెళ్ళి ఇస్తాను.